చెక్ ట్రే

విడవలూరు దాటి ఉప్పుగాలి మొదలయ్యే చోట
ఎనిమిది రొయ్యల గుంటలకు నేను మేనేజర్ని.
గుంటకి రెండు కెమెరాలు.
అవి చాలనట్టు నేనొకణ్ణి.

"చెంచయ్యా, మేత చల్లావా?"
"చల్లినా సార్."
"ఎన్ని కిలోలు?"
"మీరు జెప్పినన్నే."
"ఏ గట్టు నుంచి?"
"మీరు జెప్పిన గట్టే."
అరగంటకోసారి ఇదే జపం.
మధ్యలో నెల్లూరు నుంచి ఓనరు నాకు చేసేవాడు,
చెంచయ్యని అడిగావా అని అడగడానికి.

పదహారేళ్ళుగా నీళ్ళ రంగు చూసి
రేపు రాబోయే జబ్బుని ఇవాళే పసిగట్టే మనిషి.
నేనొచ్చిన ఏడాదిలోనే
నీళ్ళ వైపు చూడ్డం మానేసి
ఫోను వైపు చూడ్డం నేర్చుకున్నాడు.
నేర్పింది నేను.
దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

ఆ రాత్రి మూడున్నరకి కరెంటు పోయింది.
ఏరేటర్లన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
జనరేటర్ అతనికి పది అడుగుల దూరంలో ఉంది.
తాళంచెవి అతని మొలతాడుకే ఉంది.
"నన్నడక్కుండా డీజిల్ ముట్టొద్దు" అన్న నా మాట
అంతకన్నా దగ్గరగా ఉంది.
నాకు ఫోన్ చేశాడు. ఎంగేజ్.
కెమెరాలు నల్లబడ్డాయేందని ఓనరు అడుగుతుంటే
అంతా నా చేతిలోనే ఉందని
నేనాయనకి చెప్తున్నాను.
మళ్ళీ చేశాడు.
మళ్ళీ.
పద్దెనిమిది నిమిషాలు.
నాలుగో గుంటలో రొయ్యలు గట్టువారకి తేలి
మీసాలు పైకెత్తి గాలి అడుక్కున్నాయి.

తెల్లారి, తిరగబడ్డ రొయ్యల్ని వలతో దేవుతుంటే
తిట్టడానికే వెళ్ళాను.
"వెయ్యొచ్చు గదయ్యా జనరేటరు!"
వల దించలేదు, నా వైపు తిరగలేదు.
"ఎయ్యొచ్చు సార్. మీరు ఎయ్యమంటే."

దానికి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

ఆ మధ్యాహ్నం ఐదో గుంట చెక్క మీద కూర్చున్నాం.
తాడు గుంజితే చెక్ ట్రే పైకొచ్చింది:
నాలుగు రొయ్యలు, వీపున నల్లటి గీతలా నిండిన పేగు,
మేత పలుకు ఒక్కటి లేదు.
"ఏసినాక రెండు గంటలకి చూడాల సార్.
ఊరికే లేపతా ఉంటే బెదిరి తినవు.
అసలు చూడకపోతే మిగిలిన మేత అడుగున కుళ్ళి
నీళ్ళే చెడతాయి.
గుంటలో దిగి ఒక్కోదానికీ తినిపించలేం గదా."
అతను రొయ్యల గురించే చెప్పాడు.
అనుకుంటా.

జనరేటర్ అతని ఇష్టానికి వదిలేశాను.
మేత పుస్తకం అతని చేతికిచ్చాను.
పొద్దున ఏడుకి, సాయంత్రం ఐదుకి, రెండే మాటలు.
ఎంత మిగలొచ్చో, ఎన్ని చావొచ్చో
ముందే ఇద్దరం కూర్చుని రాసుకున్నాం.
మొదటి వారం నా వేళ్ళు ఊరుకోలేదు;
బాత్రూంలో దాక్కుని కెమెరాలు తెరిచి చూశాను.
ఓనరుతో, అడిగేదేదో ఐదున్నరకి నన్నే అడగండన్నాను.
మూడు రోజులు అలిగాడు.

నెల తిరక్కుండానే ఒక సాయంత్రం
ఆరో గుంట ట్రే లేపితే మేత వేసింది వేసినట్టే ఉంది.
పుస్తకంలో మాత్రం "మిగల్లేదు" అని ఉంది.
"ఇదేంది చెంచయ్యా?"
ఒక్కసారే అడిగాను. ఆగాను.
ఏరేటరు చప్పుడు. కొంగ ఒకటి లేచి పోయింది.
ఫోన్లో అయితే "చూసినా సార్" అనేవాడు.
"చూళ్ళా సార్. నిద్రపొయినా. రాసింది అబద్ధం."
వదిలేద్దామనిపించింది, వదల్లేదు.
"కొట్టేసి, ఉన్నది రాయి."
రాశాడు. పక్కన ఏకొల్లు చెంచయ్య అని
పెద్ద అక్షరాల్లో పేరు కూడా పెట్టాడు.
"రేపటి మేత నేనే తగ్గిస్తా."
ఎంత తగ్గిస్తావని అడగబోయి నాలిక్కరుచుకున్నాను.
"రేపు ఐదింటికి చూద్దాం."

ట్రే మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయింది.
కనపడదు.
తాడు గుంజకి కట్టే ఉంది.

ఇవాళ ఆ ఐదు కోసం గట్టు మీద నిలబడ్డాను.
జేబులో ఓనరు ఫోన్ మోగుతోంది.
ఇంకా నాలుగున్నరే.